థామస్ లిగోటి సాహిత్య ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

భయానక కథలు రాసే అమెరికన్ రచయిత థామస్ లిగోటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా తెలుగు పాఠక మిత్రులు దాదాపు అవే సందేహాలు అడుగుతున్నారు. 300 ప్రతులతో మొదలైన రచయిత 30 ఏళ్ల తరువాత, పెంగ్విన్ సంస్థ ప్రామాణిక సాహిత్యాన్ని వేసే పెంగ్విన్ క్లాసిక్స్ వరుసలోకి ఎలా వచ్చారు, అన్నేళ్లూ ఆయనకు జీవనోపాధి ఏమిటి, పెద్ద నవల ఎందుకు రాయలేదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఆ సందేహాలను ఆయన జీవిత దశల ప్రకారం ఇక్కడ విడదీసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉండేటట్లు రాశాను కనుక, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## తొలి పరిచయం

లిగోటి ఎవరు? అంత మంచి రచయిత అయితే మాకు పేరైనా ఎందుకు తెలియలేదు?

థామస్ లిగోటి 1953 జూలై 9న డెట్రాయిట్ నగరంలో పుట్టారు. 1981 నుంచి ఆయన కథలు అచ్చవుతున్నాయి. ఆయన పుస్తకాలలో చాలావాటిని మొదట వెలువరించినవి, ఒకరిద్దరు వ్యక్తులు సాహిత్యాభిమానంతో నడిపిన చిన్న సంస్థలు. అలాంటి పుస్తకాలు రైల్వే స్టేషన్ దుకాణాలకు రావు, వాటికి పెద్ద పత్రికలలో ప్రకటనలు ఉండవు. ఒక పాఠకుడు మరొకరి చేతిలో పెడితేనే ముందుకు వెళతాయి. ఈ కారణం వల్ల ఆంగ్ల భయానక సాహిత్యం విరివిగా చదివేవారిలో కూడా చాలామందికి ఆయన పేరు ఆలస్యంగానే చేరింది.

వియర్డ్ హారర్ అంటే దయ్యాల కథే కదా, కొత్త పేరు ఎందుకు?

దయ్యం కథలో దయ్యానికి ఒక కారణం ఉంటుంది. ఎవరో అన్యాయంగా చనిపోయి ఉంటారు, లేదా ఎవరో చేతబడి చేసి ఉంటారు. కారణం తెలిస్తే శాంతి చేయించే మార్గం కూడా దొరుకుతుంది. వియర్డ్ హారర్‌లో ఆ హామీ ఉండదు. ప్రపంచం మనం అనుకున్నట్లు లేదనీ, ఏనాడూ అలా లేదనీ కథ చివరికి పాత్రకు అర్థమవుతుంది. ఎడ్గార్ అలన్ పో, ఆర్థర్ మాకెన్, హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్‌ల మీదుగా వచ్చిన ఈ సంప్రదాయాన్ని లిగోటి తనదైన దిక్కుకు మళ్లించారు. ఆయన 'ది రెడ్ టవర్' కథలో చెప్పుకోదగిన మనిషి పాత్రే లేదు. ఎడారి వంటి బయలులో పాడుబడిన ఎర్రటి కర్మాగారం, అందులో తయారయ్యే వికృతమైన వస్తువులు, వాటి గురించి చెప్పే ఒక గొంతు, అంతే. రక్తపాతం లేకుండా, పరుగులూ అరుపులూ లేకుండా, ఒక కట్టడాన్ని వర్ణిస్తూనే పాఠకుడి కాళ్ల కింద నేలను కదిలించడం నాకు తెలిసి మరెవరూ ఈ స్థాయిలో చేయలేదు.

స్మాల్ ప్రెస్ అంటే సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడమేనా?

ఆ రెండూ వేరు. సొంత ప్రచురణలో ఖర్చు రచయితది. స్మాల్ ప్రెస్‌లో ఖర్చు, ఎంపిక, సంపాదకత్వం, పంపిణీ ప్రచురణకర్తవి. కాకపోతే ఆ ప్రచురణకర్త తరచుగా ఒక్క మనిషే, కార్యాలయం ఆయన ఇల్లే. అమెరికన్ భయానక సాహిత్యంలో ఈ ఏర్పాటుకు పెద్ద చరిత్ర ఉంది. 1937లో లవ్‌క్రాఫ్ట్ మరణించిన తరువాత ఆయన కథలను వేయడానికి పెద్ద సంస్థలు అంగీకరించకపోవడంతో, ఆగస్ట్ డెర్లెత్, డోనాల్డ్ వాండ్రీ అనే ఇద్దరు మిత్రులు 1939లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని సాక్ సిటీ కేంద్రంగా ఆర్ఖమ్ హౌస్ అనే సంస్థను స్థాపించి, తొలి సంపుటాన్ని 1,268 ప్రతులు వేశారు. ధర 5 డాలర్లు. అవి అమ్ముడుపోవడానికి కొన్నేళ్లు పట్టింది. ఈ రోజు లవ్‌క్రాఫ్ట్ ప్రపంచమంతటా చదవబడుతున్నారంటే, ఆ ఇద్దరూ ఆనాడు నష్టానికి సిద్ధపడినందువల్లనే.

## తొలి అడుగులు

ఆయన రాయడం ఎలా మొదలుపెట్టారు? చిన్నప్పటి నుంచీ రచయిత కావాలన్న కోరికేనా?

రచన కంటే ముందు అనారోగ్యం వచ్చింది. 1970లో, 17 ఏళ్ల వయసులో, ఆయనకు తీవ్రమైన పానిక్ అటాక్ (ఉన్నట్టుండి మనిషిని కమ్మేసే విపరీతమైన భయం) వచ్చింది. ఆ ఆందోళన సమస్య తరువాత దశాబ్దాల పాటు వదలలేదని ఆయనే ఇంటర్వ్యూలలో చెప్పారు. ఆ రోజులలోనే మాకెన్‌నూ లవ్‌క్రాఫ్ట్‌నూ చదివారు. విశ్వానికి మనిషి గురించి పట్టింపు లేదన్న లవ్‌క్రాఫ్ట్ చూపులో, తాను లోపల అనుభవిస్తున్నదే మరొకరు కాగితం మీద పెట్టినట్లు ఆయనకు తోచింది. 1977లో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకున్నారు. ఆ తరువాత కూడా చాలాకాలం కథలు రాసి, నచ్చక చించివేసిన దశ ఒకటి ఉంది. అచ్చులో తొలి కథ చూసేటప్పటికి ఆయనకు సుమారు 28 ఏళ్లు.

మొదటి కథ ఎక్కడ వచ్చింది? పారితోషికం ఇచ్చారా?

'ది కిమిస్ట్' అనే కథ 1981లో 'నిక్టలాప్స్' అనే చిన్న పత్రికలో వచ్చింది. న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీ నుంచి హ్యారీ ఓ. మోరిస్ అనే చిత్రకారుడు దానిని నడిపేవారు. ఇటువంటి అభిమాన పత్రికలు సాధారణంగా రచయితకు ఇచ్చేది ఒకటి రెండు ప్రతులే. అయితే వాటిని చదివేవారిలో చాలామంది స్వయంగా రచయితలు, సంపాదకులు, చిత్రకారులు. వెయ్యిమంది ఉదాసీన పాఠకుల కంటే, వంద మంది పట్టించుకునే పాఠకుల చేతిలో పడటమే కొత్త కథకుడికి మేలని నేను నమ్ముతాను. లిగోటి విషయంలో జరిగింది అదే.

తొలి పుస్తకం 300 ప్రతులే వేశారట, నిజమేనా?

నిజమే. 'సాంగ్స్ ఆఫ్ ఎ డెడ్ డ్రీమర్' కథా సంపుటిని హ్యారీ మోరిస్ తన సిల్వర్ స్కారబ్ ప్రెస్ తరఫున 300 ప్రతులు వేశారు. బొమ్మలు కూడా మోరిస్‌వే. పుస్తకం మీద 1985 అని ఉంటుంది కానీ పాఠకులకు అందినది 1986లో. బ్రిటిష్ భయానక రచయితలలో అప్పటికే ప్రముఖుడైన రాంసీ క్యాంబెల్ దానికి ముందుమాట రాశారు. పేరులేని రచయితకు, పేరున్న రచయిత నిండు మనసుతో రాసిన ఆ కొద్ది పేజీలు ఎంత పని చేశాయో చెప్పడం కష్టం. ఆ పుస్తకం అట్లాంటిక్ దాటడానికి అవి కూడా ఒక కారణమని మాత్రం అనుకుంటాను.

## ఉద్యోగమూ రచనా

కథలు రాసి ఇల్లు గడుపుకున్నారా?

లేదు. 1979 నుంచి 2001 వరకు ఆయన డెట్రాయిట్‌లోని గేల్ రీసెర్చ్ అనే సంస్థలో సంపాదక ఉద్యోగం చేశారు. గ్రంథాలయాలకు అవసరమైన సంప్రదింపు గ్రంథాలు వేసే సంస్థ అది. రచయితల మీద వచ్చిన విమర్శా వ్యాసాలను ఏరి, సంక్షిప్తం చేసి, సంపుటాలుగా కూర్చడం అక్కడి పని. ఆయన ప్రసిద్ధ కథలలో అత్యధికం ఈ 20 ఏళ్ల పైబడిన ఉద్యోగ కాలంలోనే పుట్టాయి. నెల జీతం ఉన్నందువల్ల ఏ సంపాదకుడి కోరికకూ కథను వంచవలసిన అవసరం ఆయనకు రాలేదు. రచయిత అన్నవాడు ఉద్యోగం వదిలేయాలని, లేకపోతే నిబద్ధత లేనట్లేనని వాదించే మిత్రులకు నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

ఆఫీసు జీవితం ఆయన కథల్లోకి వచ్చిందా?

వచ్చింది, అదీ బలంగా. తొలి కథలలో కలలు, పాత గ్రంథాలు, కీలుబొమ్మలు, దుకాణాల అద్దాల వెనుక నిలబెట్టే బొమ్మలు ఎక్కువగా కనిపిస్తాయి. 1990ల చివరి నుంచి కర్మాగారాలు, సూపర్‌వైజర్లు, ఎవరూ చూడని యాజమాన్యం ఆ స్థానంలోకి వచ్చాయి. 'అవర్ టెంపరరీ సూపర్‌వైజర్' కథలో కార్మికులు గాజు గది లోపల మసకగా కదిలే పై అధికారి ఆకారానికి భయపడి, ఎవరూ ఆజ్ఞాపించకుండానే పని గంటలు పెంచుకుంటూ పోతారు. 2002లో వచ్చిన 'మై వర్క్ ఈజ్ నాట్ యెట్ డన్' అనే చిన్న నవలలో, సహోద్యోగుల కుట్ర వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న ఫ్రాంక్ డొమినియో అనే ఉద్యోగికి అమానుష శక్తి దక్కుతుంది. ప్రతీకారం తీర్చుకుంటాడు కానీ, ఆ శక్తి ఎవరిదో, తనను ఎందుకు వాడుకుంటోందో తెలిసేకొద్దీ ఆ గెలుపు చేదుగా మారుతుంది. హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో పనిచేసే మిత్రులు ఈ రచనతో వెంటనే కలిసిపోవడం నేను చాలాసార్లు చూశాను. టార్గెట్లు, అప్రైజళ్లు, కారణం చెప్పని రీ-ఆర్గనైజేషన్లు వారికి కొత్త కావు కదా.

## పెద్ద సంస్థలు, మళ్లీ చిన్న సంస్థలు

300 ప్రతుల పుస్తకం బయటి ప్రపంచానికి ఎలా చేరింది?

మెట్టు మెట్టుగా చేరింది. 1988లో డగ్లస్ వింటర్ కూర్చిన 'ప్రైమ్ ఈవిల్' సంకలనంలో స్టీఫెన్ కింగ్, క్లైవ్ బార్కర్ వంటివారి కథల పక్కన లిగోటి కథ కూడా చోటు చేసుకుంది. అదే ఏడాది బ్రిటన్‌లోని 'డేగన్' అనే చిన్న పత్రిక ఆయన మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. 1989లో లండన్‌కు చెందిన రాబిన్సన్ సంస్థ తొలి సంపుటిని సవరణలతో, అదనపు కథలతో విడుదల చేసింది. మరుసటి ఏడాది అమెరికాలో కారల్ అండ్ గ్రాఫ్ వేసింది. 1990 ఏప్రిల్‌లో 'ది మ్యాగజైన్ ఆఫ్ ఫాంటసీ అండ్ సైన్స్ ఫిక్షన్'లో 'ది లాస్ట్ ఫీస్ట్ ఆఫ్ హార్లెక్విన్' అనే ఆయన కథ వచ్చింది. విదూషకుల వేషాల మీద పరిశోధన చేసే ఒక మానవశాస్త్రవేత్త, మిరొకా అనే ఊరిలో శీతాకాలపు పండుగను చూడడానికి వెళ్లి, ఆ పండుగ అడుగున దాగిన మరొక పండుగను చూసే కథ అది. లవ్‌క్రాఫ్ట్ స్మృతికి అంకితం.

పెద్ద సంస్థలు పుస్తకాలు వేశాక మళ్లీ చిన్న ప్రచురణలకు ఎందుకు వెళ్లారు? అమ్ముడుపోలేదా?

1991లో 'గ్రిమ్‌స్క్రైబ్', 1994లో 'నాక్టుయరీ', 1996లో పాత సంపుటాల కథలకు కొత్తవి చేర్చిన 'ది నైట్‌మేర్ ఫ్యాక్టరీ' వాణిజ్య సంస్థల నుంచే వచ్చాయి. అయితే 1980లలో విజృంభించిన భయానక నవలల మార్కెట్ 1990లలో కుప్పకూలింది. చాలా సంస్థలు తమ హారర్ విభాగాలనే మూసివేశాయి. పైగా కథా సంపుటాలు నవలల్లా అమ్ముడుపోవు. ఆ పరిస్థితిలో సంగీతకారుడు డేవిడ్ టిబెట్ నడిపిన డర్ట్రో, మిస్సోరి రాష్ట్రంలోని మిథోస్ బుక్స్ వంటి చిన్న సంస్థలు ఆయన కొత్త రచనలను అందుకున్నాయి. చాలామంది దీనిని పతనంగా చూస్తారు. నాకు అలా అనిపించదు. 'టియాట్రో గ్రొటెస్కో' 2006లో డర్ట్రో నుంచి వచ్చింది. అది ఆయన పుస్తకాలలోకెల్లా పరిణతి చెందినదని నా అభిప్రాయం. ఆ కథలను మార్చమనీ తగ్గించమనీ అడిగేవారు అక్కడ లేరు. 2008లో వర్జిన్ బుక్స్ దానిని సాధారణ ధరకు వేసింది కూడా. చిన్న సంస్థ ముందుగా గుర్తించడం, పెద్ద సంస్థ వెనుక రావడం ఆయన జీవితంలో మళ్లీ మళ్లీ కనిపించే వరుస.

నవల రాసి ఉంటే ఈపాటికి కోటీశ్వరుడు అయ్యేవారు కదా? ఎందుకు రాయలేదు?

భయం ఎక్కువసేపు నిలబడదన్నది ఆయన నమ్మకం. నవల అంటే కుటుంబాలు, ఊళ్లు, ప్రేమలు, పరిశోధనలు కావాలి. అవన్నీ చేరేకొద్దీ కథలోని వింత పలచబడి, చివరికి సాధారణ వాస్తవిక నవలకు భయం పూత పూసినట్లు అవుతుంది. ఈ విషయాన్ని ఆయన 'నోట్స్ ఆన్ ది రైటింగ్ ఆఫ్ హారర్' అనే రచనలో వివరించారు. ఒకే కథాంశాన్ని వాస్తవిక పద్ధతిలో, పాత కోటలూ చీకటి వాతావరణమూ ఉండే గోతిక్ పద్ధతిలో, ప్రయోగాత్మక పద్ధతిలో రాస్తే ఏమవుతుందో చూపుతూ మొదలైన ఆ వ్యాసం, నడుస్తూ నడుస్తూ తానే ఒక భయానక కథగా మారిపోతుంది. కథ రాయడం నేర్చుకునేవారు ఈ ఒక్కదానినైనా రెండుసార్లు చదవాలి.

సంగీత బృందంతో పనిచేశారని విన్నాను. నిజమా?

నిజమే. కరెంట్ 93 అనే ఆంగ్ల సంగీత బృందం సారథి డేవిడ్ టిబెట్‌కు లిగోటి రచనల మీద అపారమైన అభిమానం. 1997లో 'ఇన్ ఎ ఫారిన్ టౌన్, ఇన్ ఎ ఫారిన్ ల్యాండ్' పుస్తకం ఆ బృందం చేసిన సీడీతో కలిపి వెలువడింది. 2000లో లిగోటి గద్యకవితకు వారు ధ్వనిరూపం ఇచ్చారు.

అవార్డులు ఏమైనా వచ్చాయా?

'ది నైట్‌మేర్ ఫ్యాక్టరీ'కీ, అందులోని 'ది రెడ్ టవర్'కూ 1996 సంవత్సరానికి, భయానక సాహిత్యానికి ఇచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డులు వచ్చాయి. 'మై వర్క్ ఈజ్ నాట్ యెట్ డన్'కు కూడా అదే అవార్డు దక్కింది. 2019 సంవత్సరానికి బ్రామ్ స్టోకర్ జీవితకాల సాఫల్య పురస్కారం ఇచ్చారు.

## మౌనం, ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

మధ్యలో రాయడం ఆపేశారా?

2001లో ఉద్యోగం వదిలి ఫ్లోరిడాకు మారిన తరువాత కొత్త కథలు క్రమంగా తగ్గిపోయాయి. దేనిలోనూ ఆనందం తోచని మానసిక స్థితి తనను పట్టుకున్నదని ఆయన బహిరంగంగానే చెప్పారు. ఆ కాలంలో వచ్చిన ముఖ్యమైన రచన కథ కాదు: 2010లో హిప్పోకాంపస్ ప్రెస్ వేసిన 'ది కాన్‌స్పిరసీ అగైన్స్ట్ ది హ్యూమన్ రేస్' అనే తాత్త్విక గ్రంథం. చైతన్యం అన్నది మనిషికి వరం కాదని, మోయలేని భారమని వాదించిన నార్వే తత్త్వవేత్త పీటర్ వెస్సెల్ జాప్ఫే ఆలోచనల మీద అది నిలబడింది. 2012లో తీవ్రమైన అనారోగ్యంతో ఆసుపత్రి పాలై కోలుకున్న తరువాత అనుకోకుండా మళ్లీ కలం కదిలి రెండు కథలు వచ్చాయి. వాటిని 2014లో సబ్‌టెరేనియన్ ప్రెస్ అనే చిన్న సంస్థ 'ది స్పెక్ట్రల్ లింక్' పేరుతో వేసింది.

టీవీ సీరియల్ వల్లే పేరు వచ్చిందంటారు. ఎంతవరకు నిజం?

2014లో ప్రసారమైన 'ట్రూ డిటెక్టివ్' అనే అమెరికన్ సీరియల్‌లో ఒక పాత్ర పలికే నిరాశావాద సంభాషణలకు లిగోటి తాత్త్విక గ్రంథంలోని వాక్యాలతో పోలిక ఉందని చర్చ జరిగింది. గ్రంథచౌర్యం ఆరోపణను సీరియల్ రచయితా, చానలూ తోసిపుచ్చారు. లిగోటి ప్రభావం ఉన్నదని మాత్రం ఆ సీరియల్ రచయిత ఇంటర్వ్యూలో చెప్పారు. దాంతో వేలాదిమంది కొత్తగా ఆయన పుస్తకాల కోసం వెతికారు. అయితే వెతికిన వారికి దొరకడానికి పుస్తకాలు అప్పటికే ఉన్నాయి. సబ్‌టెరేనియన్ ప్రెస్ 2010 నుంచి 2012 వరకు తొలి మూడు సంపుటాలనూ రచయిత స్వయంగా సవరించిన పాఠాలతో వేసి ఉంచింది. సీరియల్ దీపం వెలిగించింది, అందులోని చమురు మాత్రం 30 ఏళ్లుగా చిన్న సంస్థలు పోసినదే.

పెంగ్విన్ క్లాసిక్స్‌లో రావడం అంత పెద్ద విషయమా?

ఆ వరుసలో అత్యధికులు ఎప్పుడో గతించిన రచయితలు. బతికి ఉండగా చోటు దక్కినవారు చాలా కొద్దిమంది. 2015లో ఆయన తొలి రెండు సంపుటాలను కలిపి, అమెరికన్ రచయిత జెఫ్ వాండర్‌మీర్ ముందుమాటతో పెంగ్విన్ ఒకే పుస్తకంగా తెచ్చింది. ఇవాళ ఆ కథలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలోనూ, మన నగరాలలోని ఆంగ్ల పుస్తకాల షాపులలోనూ అడిగితే తెప్పించుకోగలిగే స్థితిలో ఉన్నాయి.

## చదవబోయేవారికి, రాయబోయేవారికి

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ఉద్యోగస్తులైతే 'మై వర్క్ ఈజ్ నాట్ యెట్ డన్'. కథాప్రియులైతే 'టియాట్రో గ్రొటెస్కో'. సంప్రదాయ భయానక కథ మీద ఇష్టం ఉంటే పెంగ్విన్ సంపుటిలోని మొదటి కథ 'ది ఫ్రాలిక్'తో మొదలుపెట్టండి. జైలులో పనిచేసే మనస్తత్వ నిపుణుడు ఇంటికి వచ్చి తన భార్యతో మాట్లాడుతూ ఉండడమే ఆ కథ చాలావరకు. రోజుకు ఒక కథ చాలు. వాక్యాలు పొడవైనవి, పదజాలం బరువైనది. తొందరపడితే ఏమీ మిగలదు.

ఇవి చదివితే మనసు పాడవుతుందని భయంగా ఉంది. చదవవచ్చా?

ఈ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. ఆయన కథలు ఓదార్పు ఇవ్వవు, తాత్త్విక గ్రంథం అసలే ఇవ్వదు. నిరాశ, ఆందోళన వంటి సమస్యలతో ప్రస్తుతం బాధపడుతున్నవారు ఆ గ్రంథాన్ని పక్కన పెట్టి, ముందుగా వైద్యుల సహాయం తీసుకోవాలని నా విన్నపం. అదే సమయంలో, తమ లోపలి చీకటికి ఇంత కచ్చితమైన మాటలు దొరకడమే ఒక ఊరట అని చెప్పిన పాఠకులూ నాకు తెలుసు. ఎవరి స్థితి ఏమిటో వారికే తెలియాలి.

తులసిదళం చదివి భయపడిన తరం మాది. ఈ కథలు మాకు నచ్చుతాయా?

యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వారపత్రిక సీరియల్‌గా వచ్చిన నవల. ప్రతి వారం ఒక ఉత్కంఠ దగ్గర ఆపి, వచ్చే వారం దాకా పాఠకుడిని పట్టి ఉంచడం దాని బలం. పసిపాపను కాపాడుకోవాలన్న ఆరాటం దాని గుండె. లిగోటి కథలలో ఆ ఉత్కంఠ ఉండదు, కాపాడే మార్గమూ ఉండదు. అందువల్ల ఆ రుచిని ఆశించి వెళితే నిరాశ కలుగుతుంది. తెల్లవారుజామున సగం గుర్తున్న పీడకలను ఎవరో శ్రద్ధగా పూర్తిచేసి చెబుతుంటే వినడం ఇష్టమైతే, తప్పక నచ్చుతాయి.

పాత ముద్రణలకు అంత ధర ఎందుకు? కొనాలా?

సంఖ్య వేసి, సంతకం చేసి, వందల్లో మాత్రమే వేసే ప్రతులు కాబట్టి సేకరణకర్తల పోటీ ఎక్కువ. చదవడం కోసమైతే అవసరం లేదు. ముఖ్యమైన పుస్తకాల మామూలు ముద్రణలు ఉన్నాయి.

నేను తెలుగులో ఇలాంటి కథలు రాస్తున్నాను. ఏ పత్రికా తీసుకోవడం లేదు. ఏం చేయాలి?

మన దగ్గర వారపత్రికల కాలం దాదాపు ముగిసింది. మిగిలిన పత్రికలలో చాలావాటికి పదాల పరిమితి ఉంది, ఇంటిల్లిపాదీ చదవాలన్న నియమం ఉంది. కాబట్టి తిరిగి వచ్చిన కథ చెడ్డదని అనుకోవద్దు. ఇదే అభిరుచి ఉన్న నలుగురైదుగురు కలిసి, ఒకరి కథను ఒకరు కఠినంగా సరిదిద్దుకుని, ఏడాదికి ఒక సంకలనం 300 లేదా 500 ప్రతులు వేయవచ్చు. తెలుగు కథా సంపుటాలు చాలాకాలంగా ఇంచుమించు ఈ సంఖ్యలలోనే వస్తున్నాయి కనుక ఇది సాహసం కూడా కాదు. లిగోటి అభిమానులు అలాగే చేశారు: ఆయన కథ పేరు పెట్టుకుని 2018లో 'వస్టేరియన్' అనే పత్రికను మొదలుపెట్టి, కొత్త రచయితలకు చోటు ఇచ్చారు. ముఖచిత్రం మీద, ప్రూఫుల మీద డబ్బు పొదుపు చేయవద్దు. ఆవిష్కరణ సభ ఖర్చు తగ్గించుకోండి. అచ్చయిన వెంటనే ఒక ప్రతిని శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన కథానిలయానికి పంపండి. అక్కడి బీరువాలలో చేరిన కథను ఎన్నేళ్ల తరువాతైనా వెతుక్కుంటూ వచ్చిన పాఠకుడు తీసి చదవగలుగుతాడు.